మెడికల్ స్కూలుకి ముందు మాస్టర్స్ చేయాలా వద్దా? అమెరికాలో ప్రీమెడ్ (మెడిసిన్‌కి సిద్ధమయ్యే) పిల్లలు, వాళ్ళ అమ్మానాన్నలు తేల్చుకోవడం ఎలా

నెలకి కనీసం ఇద్దరైనా నన్ను ఇదే అడుగుతున్నారు. "మావాడికి ఈసారి మెడికల్ స్కూల్లో సీటు రాలేదండీ, ఏదో ఒక మాస్టర్స్ చేస్తే వచ్చేస్తుందంటున్నారు, చేయించమంటారా?" ఫోన్లో ఒకరు, గుళ్ళో పులిహోర క్యూలో ఒకరు, పిల్లల పుట్టినరోజు పార్టీలో ఇంకొకరు. ప్రతిసారీ మొదటినుంచీ చెప్పే ఓపిక లేక ఇదంతా ఒకచోట రాసి పెడుతున్నాను. పిల్లలు చదివినా సరే, అమ్మానాన్నలు చదివినా సరే, ఇద్దరూ కలిసి చదివితే ఇంకా మంచిది.

ముందే చెప్పేస్తున్నా, నేను డాక్టర్ని కాను. డాలస్ దగ్గర ఉండే సాఫ్ట్‌వేర్ వాణ్ణి. మా పెద్దమ్మాయి విషయంలో అక్కర్లేని మాస్టర్స్‌కి 52 వేల డాలర్ల ఫీజు, ఆపైన అద్దె కట్టాక నేర్చుకున్నది ఇది.

మన తరానికి అసలు చిక్కు ఎక్కడొస్తుందంటే, మనకి తెలిసిన దారి బైపీసీ, ఎంసెట్, సీటు. రాకపోతే విజయవాడలోనో గుంటూరులోనో ఒక ఏడాది లాంగ్ టర్మ్. అందుకని ఇక్కడ ఎవరైనా "సీటు రాలేదు, ఒక ఏడాది మాస్టర్స్" అనగానే మన బుర్ర దాన్ని లాంగ్ టర్మ్ కింద జమ కట్టేస్తుంది. నేనూ అలాగే కట్టాను. కానీ లాంగ్ టర్మ్‌లో చదివేది మళ్ళీ అదే పరీక్ష రాయడానికి. మాస్టర్స్ చేస్తే ఎంక్యాట్ (ఇక్కడ డిగ్రీ తర్వాత మెడికల్ స్కూల్లో చేరడానికి రాసే పరీక్ష) స్కోరు పెరగదు. ఇంకో సంగతి చాలామందికి తెలియదు, డిగ్రీ జీపీఏ (గ్రేడ్ల సగటు) కూడా పెరగదు! మరి దేనికి పనికొస్తుంది అంటే, ఒకే ఒక్క జబ్బుకి. ఆ జబ్బు మీకుందో లేదో చూసుకోవడమే ఇక్కడి పని.

దగ్గర పెట్టుకోవాల్సినవి

పిల్ల లేదా పిల్లాడు కాలేజీ స్థాయిలో చదివిన ప్రతి చోటినుంచీ ట్రాన్స్‌క్రిప్ట్, అంటే గ్రేడ్ల పత్రం (అనఫీషియల్ కాపీ చాలు), ఎంక్యాట్ రాసి ఉంటే నాలుగు సెక్షన్ల మార్కులతో స్కోర్ రిపోర్ట్, ఇప్పటిదాకా చేసిన క్లినికల్ పని, వాలంటీరింగ్, షాడోయింగ్ (డాక్టర్ వెంట ఉండి పని చూడటం) ఎన్ని గంటలో నిజంగా రాసిన లిస్టు, ఇంట్లో ఎంత డబ్బు పెట్టగలరో ఒక అంకె, వీసా లేదా గ్రీన్ కార్డు స్థితి. ఒక ఎక్సెల్ షీటు. ఒక ఖాళీ ఆదివారం మధ్యాహ్నం. అమ్మానాన్నలకి ఇంకోటి కూడా కావాలి, మొదటి గంటసేపు నోరు కట్టుకోగల శక్తి.

1. అసలు జీపీఏ ఎంతో మీరే లెక్కపెట్టండి

కాలేజీ ట్రాన్స్‌క్రిప్ట్ మీద కనిపించే జీపీఏ, అప్లికేషన్‌లో లెక్కకి వచ్చే జీపీఏ ఒకటి కాకపోవచ్చు. ఎండీ స్కూళ్ళకి (ఇక్కడ ఎండీ అంటే మన ఎంబీబీఎస్ లాంటి మొదటి డాక్టరు డిగ్రీ) అప్లై చేసే ఆన్‌లైన్ సర్వీసు ఆమ్‌కాస్ తన లెక్క తను వేసుకుంటుంది. అన్ని కాలేజీల గ్రేడ్లూ కలుపుతుంది, ఒక కోర్సు రెండుసార్లు చదివితే రెండు గ్రేడ్లనీ కలుపుతుంది. డీఓ (ఆస్టియోపతిక్ మెడిసిన్ డాక్టరు డిగ్రీ) స్కూళ్ళకి అప్లై చేసే ఆకోమాస్‌లో ఒకప్పుడు రెండోసారి వచ్చిన గ్రేడే తీసుకునేవాళ్ళు, 2017 నుంచి అదీ పోయింది. ఇప్పటికీ పాత సంగతి పట్టుకుని "సి వచ్చిన కోర్సు మళ్ళీ చదివితే ఆ సి చెరిగిపోతుంది" అని చెప్పేవాళ్ళున్నారు, నమ్మకండి.

మన పిల్లలు ఎక్కువగా జారిపడేది డ్యూయల్ క్రెడిట్ దగ్గర. హైస్కూల్లో ఉండగా కమ్యూనిటీ కాలేజీ కోర్సులు తీసుకుంటారు కదా, ఆ గ్రేడ్లు కూడా లెక్కలోకి వస్తాయి. ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, హైస్కూల్లో రాసే కాలేజీ స్థాయి) పరీక్షల క్రెడిట్లకి గ్రేడు ఉండదు కాబట్టి వాటితో బాధ లేదు. మా అమ్మాయి ట్రాన్స్‌క్రిప్టులు డైనింగ్ టేబుల్ మీద పరిచి కూర్చున్నప్పుడు, పదకొండో క్లాసులో తీసుకున్న కాలేజ్ ఆల్జీబ్రాలో ఒక సి బయటపడింది. అది ఉన్నట్టే తను మర్చిపోయింది. నేను నోరు తెరవబోతే వాళ్ళమ్మ టేబుల్ కింద కాలు తొక్కింది.

రెండు లెక్కలు వేయండి. ఒకటి అన్ని కోర్సులూ కలిపిన జీపీఏ. రెండోది సైన్స్ జీపీఏ, అంటే బయాలజీ, కెమిస్ట్రీ, ఫిజిక్స్, మ్యాథ్స్ మాత్రమే. ప్రీమెడ్ పిల్లలు దీన్నే బీసీపీఎం అంటారు. క్రెడిట్లని గ్రేడు పాయింట్లతో గుణించి, కూడి, మొత్తం క్రెడిట్లతో భాగించడమే. కాలేజీ క్వార్టర్ పద్ధతిలో ఉంటే ఒక క్వార్టర్ క్రెడిట్‌ని మూడింట రెండు వంతుల సెమిస్టర్ క్రెడిట్‌గా మార్చుకోండి.

సరిగ్గా వచ్చిందో లేదో చూసుకోవడం: షీటులో మొత్తం క్రెడిట్లు, ట్రాన్స్‌క్రిప్టుల మీది క్రెడిట్ల కూడికకి సరిపోవాలి (ఏపీ, పాస్-ఫెయిల్ కోర్సులు తీసేశాక). సరిపోకపోతే ఎక్కడో ఒక సమ్మర్ కోర్సు తప్పిపోయినట్టే.

2. జబ్బు ఏదో కనిపెట్టండి

ఎండీ స్కూళ్ళకి ఏటా 50 వేలమందికి పైగా అప్లై చేస్తారు, చేరేది 23 వేల దాకా. ఈమధ్య చేరినవాళ్ళ సగటు జీపీఏ 3.8 దగ్గర, ఎంక్యాట్ 512కి కాస్త అటూఇటూ ఉంటోంది. ఇది సగటు మాత్రమే, కటాఫ్ కాదు. ఏఏఎంసీ (ఎంక్యాట్, ఆమ్‌కాస్ నడిపే మెడికల్ కాలేజీల సంఘం) వాళ్ళ సైట్లో టేబుల్ ఏ-23 అని ఒకటి ఉచితంగా దొరుకుతుంది. ఒకవైపు జీపీఏ, ఇంకోవైపు ఎంక్యాట్, ఏ గడిలో ఎంతమంది అప్లై చేస్తే ఎంతమందికి వచ్చిందో ఉంటుంది. మీ గడి వెతికి దానికి గుండ్రం చుట్టండి. తర్వాత పక్క గడులు చూడండి. జీపీఏ కాస్త పెరిగితే ఎంత మారుతుంది, ఎంక్యాట్ కాస్త పెరిగితే ఎంత మారుతుంది? ఈ ఒక్క పది నిమిషాల పని నేను ముందే చేసుంటే మా ఇంట్లో రెండేళ్ళు మిగిలేవి.

ఇప్పుడు కింద చెప్పినవాటిలో మీది ఏదో చూడండి. ఒకటికంటే ఎక్కువ కూడా ఉండొచ్చు.

ఎంక్యాట్ తక్కువ, జీపీఏ బాగానే ఉంది. దీనికి మాస్టర్స్ మందు కాదు. మా అమ్మాయిది అచ్చం ఇదే. జీపీఏ 3.71, సైన్స్ 3.62, ఎంక్యాట్ 504. సెక్షన్లు చూస్తే 127, 123, 127, 127. ఆ 123 కార్స్‌లో, అంటే పాసేజీలు చదివి జవాబులు రాసే సెక్షన్. మొదటి ఏడాది 22 స్కూళ్ళకి పెడితే ఒక్క ఇంటర్వ్యూ కూడా రాలేదు. ఒక పార్టీలో ఎవరో పెద్దాయన "మాస్టర్స్ ఉంటే ప్రొఫైల్ స్ట్రాంగ్ అవుతుంది" అన్నారు, నేను ఎగిరి గంతేశాను. ఏడాది చదివింది, 3.8 తెచ్చుకుంది, అదే 504తో మళ్ళీ అప్లై చేసింది. ఒక్క వెయిట్‌లిస్టు, అంతే. అప్పుడు కానీ బుద్ధి రాలేదు. నాలుగు నెలలు వేరే ఏమీ పెట్టుకోకుండా ఎంక్యాట్ చదివి 512 తెచ్చుకుంది, ఆ మరుసటి సైకిల్లో సీటు వచ్చింది. మన లాంగ్ టర్మ్‌తో పోల్చదగ్గది ఏదైనా ఉంటే అది ఎంక్యాట్ మళ్ళీ రాయడమే, మాస్టర్స్ కాదు. అయితే ఊరికే రాసేయకండి, ఏడాదిలో మూడుసార్లు, రెండేళ్ళలో నాలుగుసార్లు, జీవితం మొత్తంలో ఏడుసార్లకి మించి రాయనివ్వరు, పైగా ప్రతి స్కోరూ స్కూళ్ళకి కనిపిస్తుంది. ఏఏఎంసీ అఫీషియల్ ప్రాక్టీస్ టెస్టుల్లో చివరి మూడింటి సగటు మీకు కావాల్సిన స్కోరు దగ్గరికి వచ్చాకే డేటు ఖాయం చేసుకోండి.

మార్కులు రెండూ బాగున్నాయి, అయినా రాలేదు. అయితే లోపం వేరేచోట ఉంది. రోగులతో నేరుగా పని చేసిన గంటలు తక్కువ, లేదా ఆలస్యంగా అప్లై చేశారు, లేదా అన్నీ పెద్దపేరున్న స్కూళ్ళే పెట్టారు. మన ఇళ్ళలో షాడోయింగ్ అంటే ఫ్యామిలీ ఫ్రెండ్ కార్డియాలజిస్టు అంకుల్ దగ్గర 200 గంటలు, వాలంటీరింగ్ అంటే తెలుగు సంఘం ఉగాది ఫంక్షన్లో స్టేజీ సర్దడం. అవి చెడ్డవని కాదు, అవి ఒక్కటే ఉంటే కష్టం. దీనికి మందు ఒక గ్యాప్ ఇయర్. మెడికల్ అసిస్టెంట్, ఈఎంటీ (అంబులెన్స్‌లో అత్యవసర చికిత్స చేసేవాళ్ళు), స్క్రైబ్ (డాక్టర్ పక్కన ఉండి నోట్స్ రాసేవాళ్ళు), హాస్పిస్ (చివరి దశలో ఉన్న రోగుల) వాలంటీరింగ్, ఏదో ఒకటి. స్క్రైబ్‌గా చేస్తే పైపెచ్చు జీతం వస్తుంది. అది వదిలేసి 50 వేలు ఎదురు కట్టి క్లాసురూములో కూర్చోవడం ఏం లెక్కో నాకు అర్థం కాదు.

గ్రీన్ కార్డు లేదు. ఇది చెప్పడానికి బాధగా ఉంటుంది కానీ చెప్పాలి. అమ్మానాన్నల వర్క్ వీసాని బట్టి వచ్చే హెచ్-4 మీద పెరిగి, 21 నిండగానే స్టూడెంట్ వీసా ఎఫ్-1కి మారిన పిల్లలు మన వాళ్ళలో చాలామంది. ఎక్కువ ఎండీ స్కూళ్ళు సిటిజన్ లేదా గ్రీన్ కార్డు లేనివాళ్ళని తీసుకోవు. తీసుకునేవాటిలో కొన్ని, కొన్నేళ్ళ ఫీజు ముందే ఎస్క్రోలో (ఫీజు కోసం పక్కన పెట్టే ప్రత్యేక ఖాతాలో) పెట్టమంటాయి. ఫెడరల్ లోన్ రాదు. మాస్టర్స్ డిగ్రీ దీన్ని ఏ రకంగానూ మార్చదు. ఎంఎస్ఏఆర్‌లో (ఏఏఎంసీ వాళ్ళ స్కూళ్ళ వివరాల డేటాబేస్) ఏ స్కూలు తీసుకుంటుందో వెతికి, ఆ స్కూళ్ళ లిస్టు చేతికి వచ్చాకే మిగతా ఆలోచన.

సైన్స్ జీపీఏ తక్కువ, ఎంక్యాట్ బాగుంది. మాస్టర్స్ పనికొచ్చే జబ్బు ఇదిగో, ఇదే. మొదటి రెండేళ్ళు కాలేజీ కొత్త, ఆర్గానిక్ కెమిస్ట్రీ దెబ్బ, ఇంట్లో ఏదో సమస్య, కారణం ఏదైనా గ్రేడ్లు పోయాయి. ఎంక్యాట్ చూస్తే తెలివి ఉందని తెలుస్తోంది, కానీ నాలుగేళ్ళపాటు రోజూ చదివి నెగ్గుకురాగలడా అని స్కూలుకి అనుమానం. ఆ అనుమానం తీర్చడానికే కొన్ని మాస్టర్స్ ప్రోగ్రాములు పుట్టాయి. మీది ఇది కాకపోతే ఇక్కడితో చదవడం ఆపేయొచ్చు.

3. పోస్ట్‌బ్యాకా, మాస్టర్సా? అంకెలు వేసి చూడండి

డిగ్రీ అయ్యాక మళ్ళీ అండర్‌గ్రాడ్ స్థాయి సైన్స్ కోర్సులు తీసుకోవడం పోస్ట్‌బ్యాక్. ఇవి ఆమ్‌కాస్ అండర్‌గ్రాడ్ జీపీఏలో కలుస్తాయి. మాస్టర్స్ కోర్సులు కలవవు, గ్రాడ్యుయేట్ అని వేరే వరసలో కూర్చుంటాయి. ఈ తేడా చేత్తో వేసి చూస్తే కానీ ఒంటపట్టదు.

ఒక పిల్లాడు 120 క్రెడిట్లు, 3.10 జీపీఏతో డిగ్రీ ముగించాడనుకోండి. పాయింట్లు 372. అందులో సైన్స్ 60 క్రెడిట్లు, 2.90, పాయింట్లు 174. ఇప్పుడు 30 క్రెడిట్ల పోస్ట్‌బ్యాక్ చేసి అన్నిట్లో ఏ తెచ్చుకున్నాడు, అంటే 120 పాయింట్లు. మొత్తం 492ని 150తో భాగిస్తే 3.28. సైన్స్ 294ని 90తో భాగిస్తే 3.27. ఏడాదంతా ఒక్క బి కూడా రాకుండా చదివితే మొత్తం మీద పెరిగింది 0.18, సైన్స్‌లో 0.37. అదే 30 క్రెడిట్లు మాస్టర్స్‌లో చేస్తే? 3.10 అలాగే 3.10, 2.90 అలాగే 2.90, పక్కన కొత్తగా 4.00 అని ఒక వరస.

కాబట్టి నా మాట ఇది, ఎవరి పరిస్థితిని బట్టి వాళ్ళు సర్దుకోండి. అండర్‌గ్రాడ్ జీపీఏ 3.0కి కింద ఉంటే ముందు పోస్ట్‌బ్యాక్, ఎందుకంటే చాలాచోట్ల మనిషి కంట్లో పడకముందే కంప్యూటరు 3.0 కింద ఉన్నవాటిని పక్కకి తీసేస్తుంది, ఆ వడపోతలో మాస్టర్స్ గ్రేడు అక్కరకి రాదు. పైగా మంచి మాస్టర్స్ ప్రోగ్రాముల్లో చాలావాటికి కూడా 3.0 కావాలి. 3.0కీ 3.5కీ మధ్య ఉండి ఎంక్యాట్ 508, 510 పైన ఉంటే మాస్టర్స్ గురించి గట్టిగా ఆలోచించొచ్చు. 3.6 దాటితే వద్దు, రెండో స్టెప్పుకి వెనక్కి వెళ్ళి ఇంకోసారి చూడండి.

ఇంకో దారి కూడా ఉంది, మన ఇళ్ళలో దాని పేరెత్తితే ముఖాలు మాడతాయి. డీఓ. "డీఓ అంటే డాక్టరేనా" అని అడిగేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. డాక్టరే. అన్ని రాష్ట్రాల్లో పూర్తి లైసెన్సు, 2020 నుంచి రెసిడెన్సీ (డాక్టరు డిగ్రీ తర్వాత హాస్పిటల్లో చేసే ట్రైనింగ్) ప్రోగ్రాములు ఎండీలకీ డీఓలకీ ఒకే అక్రెడిటేషన్ కింద ఉన్నాయి. చేరేవాళ్ళ సగటు మార్కులు ఎండీ కంటే తక్కువ. కొన్ని స్పెషాలిటీల్లో రెసిడెన్సీ దొరకడం ఎండీలకంటే కష్టం, అది కూడా నిజమే, దాచక్కర్లేదు. 3.4, 507 ఉన్న పిల్లాడికి మాస్టర్స్ ఏమీ లేకుండానే డీఓ సీటు వచ్చే వీలుంటే, ఎండీ అన్న రెండక్షరాల కోసం రెండేళ్ళు, 70 వేల డాలర్లు పెట్టాలా వద్దా అన్నది వాడే తేల్చుకోవాలి. నలుగురికీ చెప్పుకోవాల్సింది మనం కాదు, పని చేయాల్సింది వాడు.

4. ఏ మాస్టర్స్?

అన్ని మాస్టర్సూ ఒకటి కాదు. పనికొచ్చేదాన్ని ఎస్ఎంపీ అంటారు, స్పెషల్ మాస్టర్స్ ప్రోగ్రామ్. జార్జ్‌టౌన్, బోస్టన్ యూనివర్సిటీ, టఫ్ట్స్, డ్రెక్సెల్, రోసలిండ్ ఫ్రాంక్లిన్ లాంటివి తరచుగా వినిపించే పేర్లు. ఒక ఏడాది, కొన్నిచోట్ల రెండేళ్ళు. మెడికల్ స్కూల్ మొదటి ఏడాదివాళ్ళు చదివే ఫిజియాలజీ, బయోకెమిస్ట్రీ లాంటివే చదువుతారు, కొన్నిచోట్ల వాళ్ళ పక్కనే కూర్చుని అదే పరీక్ష రాస్తారు. దాని బలం అక్కడే ఉంది. "వీడు మా పిల్లలతో కలిసి రాసి వాళ్ళలో సగంమంది కంటే పైన నిలిచాడు" అని ఆ స్కూలు చెప్పగలుగుతుంది.

ఎంపీహెచ్ (మాస్టర్ ఆఫ్ పబ్లిక్ హెల్త్) మంచి డిగ్రీయే, పబ్లిక్ హెల్త్ మీద ఆసక్తి ఉంటే. గ్రేడ్లు బాగుచేసుకోవడానికి మాత్రం దాన్ని ఎవరూ ఎస్ఎంపీతో సమానంగా చూడరు. రీసెర్చ్ థీసిస్‌తో చేసే రెండేళ్ళ ఎంఎస్ కూడా అంతే, అక్కడ అందరికీ 'ఏ' గ్రేడ్లే వస్తాయని అడ్మిషన్ కమిటీలకి తెలుసు. ఇంకో మెలిక ఉంది, డిగ్రీ ప్రోగ్రాములో చేరాక మధ్యలో సీటు వచ్చినా, ఆ డిగ్రీ పూర్తి చేసి రమ్మనే మెడికల్ స్కూళ్ళు చాలా ఉన్నాయి. రెండేళ్ళ ఎంఎస్ మొదటి ఏడాదిలో ఉండగా అప్లై చేసేవాళ్ళు ఇది ముందే కనుక్కోవాలి.

ఇండియానుంచి అడిగేవాళ్ళకి ఒక మాట. అక్కడ బీడీఎస్సో బీఫార్మసీయో చేసి, ఇక్కడ ఎంఎస్ చేస్తే ఎండీలో చేరొచ్చు కదా అనుకుంటారు. ఆమ్‌కాస్ విదేశీ మార్కుల్ని వెరిఫై చేయదు, చాలా స్కూళ్ళు ఇక్కడి కాలేజీలో చేసిన అండర్‌గ్రాడ్ కోర్సులు అడుగుతాయి, మాస్టర్స్ వాటికి బదులు కాదు. పైన చెప్పిన గ్రీన్ కార్డు సంగతి ఎలాగూ ఉంది. ఎంబీబీఎస్ అయినవాళ్ళకి మళ్ళీ మెడికల్ స్కూలే అక్కర్లేదు, వాళ్ళ దారి యూఎస్ఎంఎల్ఈ (అమెరికా డాక్టరు లైసెన్సు పరీక్ష), రెసిడెన్సీ.

5. ప్రోగ్రామువాళ్ళని నిలదీసి అడగండి

బ్రోషర్లో "మా విద్యార్థుల్లో 85 శాతం మందికి సీటు" అని ఉంటే వెంటనే అడగాల్సింది, దేనిలో 85 శాతం అని. మొదట్లో చేరినవాళ్ళలోనా, చివరిదాకా నిలిచినవాళ్ళలోనా, అప్లై చేసినవాళ్ళలోనా? డెంటల్, పీఏ (ఫిజిషియన్ అసిస్టెంట్) కూడా కలిపారా? మూడేళ్ళు తిరిగి చివరికి కరీబియన్ స్కూల్లో చేరినవాడు కూడా ఆ లెక్కలో ఉన్నాడా? ఫోన్లో కాదు, ఈమెయిల్లో అడగండి, జవాబు కాగితం మీద ఉండాలి. నేను ఈ ప్రశ్నలు పంపమని మా ఫ్రెండు కొడుక్కి రాసిచ్చాను, దాదాపు ఇలాగే:

"గత రెండేళ్ళలో ఒక్కో బ్యాచ్‌లో ఎంతమంది చేరారు, ఎంతమంది డిగ్రీ పూర్తి చేశారు? ప్రోగ్రాము అయిన ఏడాదిలోపు ఎంతమంది ఎండీలో, ఎంతమంది డీఓలో చేరారు? మీ సొంత మెడికల్ స్కూల్లో ఎంతమందిని తీసుకున్నారు? ఇంటర్వ్యూ గ్యారంటీ ఉంటే దానికి జీపీఏ, ఎంక్యాట్ షరతులు ఏమిటి? మీరిచ్చే కమిటీ లెటర్ (ప్రోగ్రాము తరఫు సిఫారసు లేఖ) అందరికీ ఇస్తారా, గ్రేడు తక్కువైతే ఆపేస్తారా?"

నాలుగు ప్రోగ్రాములకి పంపాడు. రెండు అంకెలతో జవాబిచ్చాయి, ఒకటి "మా విద్యార్థులు ఎంతో విజయవంతంగా ఉన్నారు" అని మూడు పేరాలు రాసింది, ఒకటి జూమ్ వెబినార్ లింకు పంపింది. చివరి రెండూ లిస్టులోంచి కొట్టేశాం.

సొంత మెడికల్ స్కూలు లేని చోట ఎస్ఎంపీ చేయాలంటే పదిసార్లు ఆలోచించండి. అలాగే టెక్సాస్ పిల్లలు బయట రాష్ట్రానికి వెళ్ళే ముందు గుర్తుంచుకోవాల్సింది, ఇక్కడి పబ్లిక్ మెడికల్ స్కూళ్ళలో 90 శాతం సీట్లు టెక్సాస్ వాళ్ళకే, ఫీజు కూడా బయటికంటే చాలా తక్కువ. మీ ఇంటి రాష్ట్రం మీకిచ్చే ఆ చోటు వదులుకోకుండా ప్లాన్ వేసుకోండి.

6. క్యాలెండర్ గీయండి

ఇది చాలామంది చివర్లో చూస్తారు, ముందే చూడాలి. 2026 ఆగస్టులో మొదలై 2027 మేలో ముగిసే ఎస్ఎంపీ అనుకుందాం. ఆమ్‌కాస్ సబ్‌మిట్ చేసేది మే చివర, జూన్ మొదట్లో, ముందు పెట్టినవాళ్ళని ముందు చూస్తారు. 2026 జూన్‌లోనే అప్లై చేస్తే అప్పటికి చూపించడానికి మాస్టర్స్ గ్రేడు ఒక్కటీ ఉండదు, మొదటి సెమిస్టర్ మార్కులు జనవరిలో పంపేసరికి చాలా స్కూళ్ళలో ఇంటర్వ్యూలు చాలావరకు అయిపోయి ఉంటాయి. 2027 జూన్‌లో మొత్తం మార్కులతో అప్లై చేస్తే 2028 ఆగస్టులో చేరతారు, మధ్యలో ఒక ఏడాది ఖాళీ. అంటే "ఒక ఏడాది మాస్టర్స్" అన్నది నిజానికి రెండేళ్ళు. నా సలహా రెండోదే. ఆ ఖాళీ ఏడాది క్లినికల్ పనికి పెట్టుకోవాలి.

ఎంక్యాట్ స్కోరు ఎప్పటిదాకా చెల్లుతుందో ఇదే కాగితం మీద రాయండి, స్కూలుని బట్టి రెండు మూడేళ్ళు. ఎస్ఎంపీ చదువుతూ పక్కన ఎంక్యాట్ కూడా రాద్దాం అనుకోకండి. రెండూ చెడతాయి.

7. డబ్బు

ఎస్ఎంపీ ట్యూషన్ సుమారుగా 40 నుంచి 60 వేల డాలర్లు, పెద్ద ఊళ్ళలో అద్దె వేరే. స్టేట్ యూనివర్సిటీలో 30 క్రెడిట్ల పోస్ట్‌బ్యాక్ రాష్ట్రాన్ని బట్టి అందులో నాలుగో వంతుకి కూడా అయిపోవచ్చు, కాకపోతే డిగ్రీ లేని పోస్ట్‌బ్యాక్‌కి ఫెడరల్ లోన్ దొరకడం కష్టం.

లోన్ల విషయంలో రూలు మారింది, పాత సలహాలు పనికిరావు. 2026 జూలై 1 నుంచి కొత్తగా అప్పు తీసుకునేవాళ్ళకి గ్రాడ్ ప్లస్ అనే ఫెడరల్ లోన్ లేదు. మాస్టర్స్‌కి ఫెడరల్ లోన్ ఏడాదికి 20,500 డాలర్లు, మొత్తం లక్ష. ఎండీ, డీఓ లాంటి ప్రొఫెషనల్ డిగ్రీలకి ఏడాదికి 50 వేలు, మొత్తం రెండు లక్షలు. అంటే ఎస్ఎంపీ ఫీజులో సగం పైన ఇంట్లోంచో ప్రైవేటు లోనో. మాస్టర్స్‌కి వాడుకున్న అప్పు తర్వాత మెడికల్ స్కూలు లిమిట్‌లోంచి ఎంత తింటుందో ఫైనాన్షియల్ ఎయిడ్ ఆఫీసుని రాతపూర్వకంగా అడగండి. రిటైర్మెంట్ డబ్బు తీసి ఎస్ఎంపీకి కట్టే నాన్నల్ని చూశాను. దయచేసి అది చేయకండి, అసలు నాలుగేళ్ళ ఖర్చు ఇంకా ముందుంది.

8. చేరే ముందు ఒక పరీక్ష, చేరాక ఒక పరీక్ష

చేరే ముందు: పిల్లాణ్ణి ఒక్కణ్ణే కూర్చోబెట్టి "డిగ్రీలో గ్రేడ్లు ఎందుకు పోయాయి, ఇప్పుడు ఏం మారింది" అని ఐదు వాక్యాలు రాయమనండి. అమ్మానాన్నలు రాసివ్వొద్దు. ఇప్పటికీ అదే పద్ధతిలో చదువుతూ, పరీక్ష ముందు రాత్రే పుస్తకం తీస్తూ ఉంటే ఎస్ఎంపీ వద్దు. ఎందుకంటే ఇది చివరి అవకాశం లాంటిది. డిగ్రీలో 3.1 వస్తే "చిన్నవాడు, తర్వాత మారాడు" అంటారు. ఎస్ఎంపీలో కూడా 3.1 వస్తే అనడానికి ఏమీ మిగలదు, ఉన్న అనుమానాన్ని మన డబ్బుతో మనమే రుజువు చేసినట్టు. అనుమానంగా ఉంటే ముందు స్టేట్ యూనివర్సిటీలో రెండు గట్టి సైన్స్ కోర్సులు తీసుకుని, రెండింట్లో ఏ వస్తేనే ముందుకెళ్ళండి.

మా ఫ్రెండు కొడుకు అలాగే చేశాడు. 3.24, ఎంక్యాట్ 513. ముందు బయోకెమిస్ట్రీ, సెల్ బయాలజీ, రెండూ ఏ. తర్వాత ఎస్ఎంపీ. మొదటి బ్లాక్ (కొన్ని వారాల పాఠాల) పరీక్షలో క్లాసు సగటు కంటే ఆరు మార్కులు తక్కువ వచ్చాయి. ఆ రాత్రి వాళ్ళ నాన్నకి ఫోన్ చేయలేదు, నాకు చేశాడు. నేను చెప్పింది ఒకటే, రేపు పొద్దున ట్యూటరింగ్ ఆఫీసు తెరిచేసరికి గుమ్మం దగ్గరుండు అని. స్లైడ్లు మళ్ళీ మళ్ళీ చదవడం మానేసి రోజూ ప్రశ్నలు చేయడం మొదలుపెట్టాడు, రెండో పరీక్షకి సగటు దాటాడు, చివరికి 3.8, అక్కడే సీటు.

చేరాక చూసుకోవాల్సింది కూడా ఆ మొదటి బ్లాక్ పరీక్షే, సాధారణంగా నాలుగో వారమో ఆరో వారమో వస్తుంది. అందుకే చేరిన రోజే రెండు తేదీలు ఫోన్లో పెట్టుకోవాలి. ఒకటి ఫీజు కొంతైనా తిరిగొచ్చే చివరి రోజు, రెండోది కోర్సు డబ్ల్యూతో (గ్రేడు లేకుండా, మానేసినట్టు గుర్తు మాత్రమే పడేలా) వదులుకోగల చివరి రోజు. ఫీజు గడువు మొదటి కొన్ని వారాల్లోనే అయిపోతుంది, ఒక్కోసారి మొదటి పరీక్షకి ముందే, అది ఎప్పుడో ఆఫర్ లెటర్ మీద సంతకం పెట్టకముందే కనుక్కోండి. రెండో గడువు వచ్చేసరికి చేతిలో రెండు పరీక్షల మార్కులుంటాయి. రెండూ సగటుకి బాగా కిందుంటే ఆ కోర్సు వదిలేయండి, ట్రాన్స్‌క్రిప్ట్ మీద సి కంటే డబ్ల్యూ నయం. ఆ నిర్ణయం ఆ రోజు ఇంట్లో ఎవరితోనూ వాదించకుండా తీసుకోవాలంటే, ఎన్ని మార్కులు వస్తే ఆపేయాలో చేరకముందే కాగితం మీద రాసి, నాన్న చేత కూడా సంతకం పెట్టించి ఫ్రిజ్‌కి అంటించండి.